శబ్దం లేకుండా

జూన్ 2

ఒరేయ్ బుడ్డోడా,

అక్కని. ఎదురుగా కూర్చుని అరుస్తున్నాననుకుని చదువు.

నేను బాగానే ఉన్నాను. మెడ మీది చిల్లు మానవలసినంత మానింది. ఇక అది పూడదు, ఊపిరి అక్కడినుంచే. మా మేడ కింద టైర్ల షాపులో పొద్దున్నే గాలి మిషను మొదలెడతారు. అది బుస్సుమన్నప్పుడల్లా నాకొక తోడు దొరికినట్టుంటుంది, ఇద్దరిదీ ఒకటే చప్పుడు. పాలవాడికైనా ఇంటావిడకైనా పలక మీద బలపంతో రాసి చూపిస్తున్నాను. ఇంటావిడ అది చదవడం మానేసి, నాకు చెవుడొచ్చినట్టు మొహంలో మొహం పెట్టి అరుస్తుంది. పోయింది గొంతమ్మా, చెవులు కాదు అని రాస్తే, అవునవునని ఇంకా గట్టిగా అరుస్తుంది.

అసలు సంగతికొస్తాను. ఆస్పత్రిలో మాటలు నేర్పే టీచరమ్మ ఒక మాట చెప్పింది. నా పాత గొంతు ఒక అరగంటసేపు శుభ్రంగా రికార్డయి ఉంటే, దాన్నిబట్టి ఫోనుకి నా గొంతు నేర్పిస్తారట. ఆ తర్వాత నేను ఏది రాసినా ఫోను నా గొంతుతోనే పైకి చదువుతుందట. వేరే ఎవరి గొంతో కాదురా, నాదే. అది విన్నప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు.

పాతికేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్నాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో ఊరంతా నా నోటినుంచే విన్నది. ఒక్క ముక్క కూడా ఎవరూ దాచలేదు. నా పాత ఫోను చూస్తే ఆస్పత్రిలో పోయింది. ఇక నా గొంతు మిగిలింది ఒక్క చోటే, నీ ఫోన్లో, మనం మాటలు రికార్డు చేసి పంపుకున్న ఆ చిలక బొమ్మ యాప్‌లో. ఈ నెల ముప్ఫైతో ఆ చిలకవాళ్ళు దుకాణం సర్దేస్తున్నారు. అందులోంచి మాటలు బయటికి తీసుకునే దారి లేదు, వినడం ఒక్కటే. కాబట్టి నువ్వు తెరని రికార్డు చెయ్యాలి.

ఎలాగో టీచరమ్మ చెప్తే రాసుకొచ్చాను. కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు, నీ ఫోన్లోనే ఉంటుంది. తెర పైనుంచి కిందికి వేలితో లాగు. వైఫై, టార్చీ, అలా గళ్ళు గళ్ళుగా గుర్తులొస్తాయి. వాటిలో స్క్రీన్ రికార్డర్ అని ఉంటుంది. కనిపించకపోతే పక్కకి తొయ్యి, అక్కడా లేకపోతే పెన్సిల్ గుర్తు నొక్కి దాన్ని పైకి తెచ్చుకో. నొక్కాక మూడు, రెండు, ఒకటి అని లెక్కపెడుతుంది. అప్పుడు చిలకని తెరిచి నా మాటలు ఒక్కొక్కటే వినిపించు. కనిపించేదీ వినిపించేదీ మొత్తం వీడియోగా దిగుతుంది. అయిపోయాక మళ్ళీ పైనుంచి లాగి ఆపు. ఆపడం మర్చిపోకు, నీ సంగతి నాకు తెలుసు.

ఒకటే షరతు. వేరే గొంతు కలవకూడదు. కలిస్తే ఫోను తప్పుగా నేర్చుకుంటుందట.

మీ కొండ మీద సిగ్నలుకి వీడియోలు ఎక్కవు కాబట్టి మెమరీ కార్డులో వేసి కవర్లో పెట్టి పంపు. మెసేజీ పెట్టకుండా ఇంత ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నాలుగు మాటలు కొట్టేసరికి నాకు విసుగొస్తోంది. ఇప్పుడు నాకు మాట్లాడటమంటే రాయడమే, అదేదో తీరిగ్గా మాట్లాడతాను.

కాసుకుని కూర్చున్న
అక్క


జూన్ 9

అక్కా,

ఎనిమిది గంటల రీడింగు రాసి ఇది మొదలుపెట్టాను. ట్యాంకులో నీళ్ళు పదకొండు అడుగులు, రెండో మోటారు కొంచెం వేడెక్కుతోంది. నీకెందుకులే ఇవన్నీ. రోజూ పంపుహౌసు పుస్తకంలో రాసి రాసి చెయ్యి అటే పోతుంది.

నీ గొంతు మళ్ళీ వస్తుందంటే నమ్మలేకపోయాను. ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆపరేషనప్పుడు మూడు రోజులుండి వచ్చేశాను కదా, నా బదులు మనిషి లేడని. ఆ మూడు రోజులూ నువ్వు పలక మీద రాసిందే నా కళ్ళముందు తిరుగుతుంటుంది. 'వెళ్ళరా, ఊరికి నీళ్ళు ఆగిపోతాయి' అని రాశావు. నేను నిజంగానే వచ్చేశాను. ఇన్నాళ్ళకి నీకు పనికొచ్చే పని ఒకటి దొరికింది.

మొదటిసారి మూడు, రెండు, ఒకటి అయ్యాక చిలకని తెరవడం మర్చిపోయి, ఆ గళ్ళ తెరనే పదకొండు నిమిషాలు రికార్డు చేశాను. రెండోసారి మధ్యలో తెర ఆరిపోయింది. అందుకని అరగంటసేపు ఆరకుండా పెట్టుకున్నాను. మూడోసారి అంతా బాగా జరుగుతుంటే సూపర్‌వైజరు ఫోను చేశాడు. నీ మాట మధ్యలో ఆయన ఫొటో, మీసాలతో సహా, వీడియోలో దిగింది. అది తీసేసి మళ్ళీ చేశాను.

శబ్దం సంగతి నువ్వు రాయలేదు. అక్కడ మూడు వరసలున్నాయి. ఒకటి శబ్దం లేకుండా, రెండోది ఫోను లోపలి శబ్దం, మూడోది లోపలిదీ మైకూ రెండూ. రెండూ ఇస్తానంటుంటే ఒకటెందుకు తీసుకోవాలని మూడోదే నొక్కాను. వేరే గొంతు కలుస్తుందన్న భయం నీకక్కర్లేదు. ఇక్కడ నేను తప్ప మనిషి లేడు. వారానికోసారి బ్లీచింగ్ పౌడరు జీపు వస్తుంది, దాని డ్రైవరే ఈ కవరు పోస్టులో వేస్తాడు.

మొత్తం ముప్ఫై ఒక్క మాటలు, అన్నీ కార్డులో ఉన్నాయి. నా ఫోన్లో చోటు లేదని అది ఒకటే గోల పెడుతుంటే, కార్డులోకి ఎక్కించి ఫోన్లోవి తీసేశాను.

చివరిది ఆపరేషన్‌కి వెళ్ళేముందు పంపినది. ఎవరో పెద్దాయన బస్టాండులో నీ గదికొచ్చి, 'నేను తప్పిపోయాను, నా పేరు మైకులో పిలవండి' అన్నాడని చెప్తూ, 'ఉండరా, లోపలికి పిలుస్తున్నారు, మిగతాది బయటికొచ్చాక చెప్తా' అన్నావు. బయటికొచ్చాక ఇక చెప్పలేదు. తర్వాత ఏమైందక్కా?

నీ బుడ్డోడు


జూన్ 15

బుడ్డోడా,

కార్డు అందింది. అందగానే కొత్త చీర కట్టుకుని మరీ ఆస్పత్రికి వెళ్ళాను. టీచరమ్మ చెవులకి పెట్టుకునేవి నాకొకటి ఇచ్చి, తనొకటి పెట్టుకుంది. నా గొంతు వినబోతున్నానని దాన్ని చెవిలోకి ఇంకా గట్టిగా అదుముకున్నాను. మొదలైంది. 'ఒరేయ్, తిన్నావా?' అని నేను. వెంటనే 'ఊఁ' అని నువ్వు! 'ఇవాళ ఏడో నంబరు బస్సు ముప్పావుగంట లేటురా' అని నేను, 'ఊఁ' అని నువ్వు. ఊపిరి తీసుకోవడానికి నేను ఆగడం ఆలస్యం, నువ్వు ఊఁ. కొన్నిచోట్ల నా మాట మీదే ఊఁ. వెనక మోటారు హోరు. టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా చప్పుడు లేదు కాబట్టి ఆవిడ చూడలేదు.

ఇది పనికిరాదంది. నీ ఊఁలని నా మాటల్లోంచి విడదీయలేరట. మిగతా ముప్ఫై వినకుండానే ఇంటికొచ్చి కార్డు బలపాల డబ్బాలో పడేశాను.

వేరే గొంతు వద్దని రాశాను కదరా, నీది గొంతు కాదా? పెద్దవాడివయ్యావు, నెత్తి నెరిసింది, ఒక్క అరగంట నోరు మూసుకుని కూర్చోలేవా? ఇంకా పదిహేను రోజులుంది. మళ్ళీ చెయ్యి. ఈసారి శబ్దం లేకుండా చెయ్యి. అర్థమైందా? శబ్దం లేకుండా.

అక్క


జూన్ 21

అక్కా,

నేను ఊఁ కొడుతున్నట్టు నాకే తెలియదు. ఒట్టు. నీ ఉత్తరం చూశాక ఫోను పక్కన పెట్టి నీ మాట ఒకటి విన్నాను, నా నోటి మీద నేనే చెయ్యి పెట్టుకుని. చెయ్యి కింద పెదాలు కదులుతూనే ఉన్నాయి. సిగ్గేసింది.

మళ్ళీ మొత్తం ముప్ఫై ఒకటీ చేశాను. ఈసారి తుండుగుడ్డ మడిచి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. నువ్వు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేశాను. ఫోన్లో కూడా అచ్చం నువ్వు రాసిన మాటే ఉంది కదా, అదే నొక్కాను. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నాకు శుభ్రంగా వినిపించింది. నా ఊఁ ఒక్కటి కూడా లేదు. నాకైతే ఎవరితోనో తగువుపడి మాట్లాడకుండా కూర్చున్నట్టుంది.

జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మళ్ళీ వేసుకుని చూసుకునే టైము లేదు. కార్డులోకి ఎక్కించి ఫోన్లోవి తీసేశాను. ఈసారి నీకు కోపం రాదు.

ఆ పెద్దాయన సంగతి తర్వాతే రాయి, తొందరేం లేదు.

బుడ్డోడు


జూన్ 27

తమ్ముడికి,

నీ కవరు రాగానే ఉత్తరం విప్పకుండా కార్డు పట్టుకుని పరిగెత్తాను. టీచరమ్మా నేనూ గంటసేపు కూర్చున్నాం. తెర మీద చిలక నోరు తెరుస్తోంది, మూస్తోంది. కింద గీత ఎగురుతోంది, పడుతోంది. ఒక్క మాట లేదు. ఒకటి కాకపోతే ఇంకొకటని ముప్ఫై ఒకటీ చూశాం. చివరికి ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేసి వచ్చేశాను.

నోరు లేనిదానికి నోరు లేని చిలకని పంపావు. కావాలని చెయ్యలేదని తెలుసు. తెలిసినా మంట తగ్గడం లేదు.

నీకు మెసేజీ పెట్టాను. నిన్నంతా పెడుతూనే ఉన్నాను. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతోంది, నీకు చేరడం లేదు. అక్కడ గాలివాన అని పేపర్లో చూశాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ముప్ఫయ్యో తారీఖు దాటిపోతుంది. అయినా రాస్తున్నాను, నాకు ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియక.

నువ్వు క్షేమంగా ఉన్నావో లేదో కూడా నాకు తెలియదు. అది మాత్రం వెంటనే రాయి.

అక్క


జూలై 5

అక్కా,

నేను క్షేమం. ఇరవై నాలుగున గాలివానకి టవరు వంగిపోయింది, కరెంటు పోయింది. తొమ్మిది రోజులు డీజిలు మిషను మీద మోటార్లు నడిపాను. నిన్నగాక మొన్న సిగ్నలు వచ్చింది. నీ మెసేజీలు పద్నాలుగూ ఒకేసారి టింగుటింగుమని దిగాయి. చదువుకుంటూనే చిలకని తెరిచాను. 'ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు థాంక్స్' అని ఉంది. ఎక్కడ నొక్కినా అదే.

శబ్దం లేకుండా అన్నది నేను నొక్కకుండా ఉండాల్సింది. నువ్వు రాసిన మాటే అక్కడ కనిపిస్తే, నువ్వే వేలితో చూపించినట్టు నొక్కేశాను. వినపడుతోంది కదా, దిగుతోందిలే అనుకున్నాను. ఇంజనీర్ల ముందు వాల్వులు విప్పి బిగించేవాణ్ణి, ఇది చూసుకోలేకపోయాను. నీ గొంతు నా చేత్తో పోయింది. ఇంతకంటే ఎలా రాయాలో నాకు రావడం లేదు.

ఒకటి చెప్తాను, కోప్పడకు. రోజూ సాయంత్రం ఆరు గంటల రీడింగు రాశాక, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని నీ మాట ఒకటి వినేవాణ్ణి. ముప్ఫై ఒకటి ఉన్నాయి కాబట్టి రోజుకొకటి చొప్పున నెలకి సరిపోయేవి. మళ్ళీ ఒకటో తారీఖున 'ఒరేయ్, తిన్నావా?' దగ్గరికి వచ్చేవాణ్ణి. ఈ ఊఁ కొట్టడం అక్కడే అలవాటైపోయి ఉంటుంది. ఇప్పుడు ఆరు గంటలకి రీడింగు రాసి ఊరికే కూర్చుంటున్నాను. మోటారు ఆగినప్పుడు చెవుల్లో గుయ్యిమంటుంది. నాకు ఒంటరిగా ఉందక్కా. నీకంటే నాకేమీ ఎక్కువ కష్టం కాదని తెలుసు, అయినా ఉంది.

ఆ పెద్దాయన సంగతి ఇక అడగను.

బుడ్డోడు


జూలై 14

ఒరేయ్ బుడ్డోడా, నా బంగారు తండ్రీ,

నీ ఉత్తరం చదివాక డబ్బాలోంచి మొదటి కార్డు తీశాను. నీ ఊఁల కార్డు. ఇన్నాళ్ళూ దాని మొహం చూడలేదు. తలుపేసుకుని కూర్చుని ముప్ఫై ఒకటీ విన్నాను.

అలవాటు ఎక్కడిదో నువ్వు తప్పు రాశావు. ఆ అలవాటు కొండ మీద రాలేదు. అమ్మ రెండో షిఫ్టుకి వెళ్ళాక నీకు కథ చెప్పి పడుకోబెట్టింది ఎవరు? నువ్వు ఊఁ కొడుతున్నంతసేపూ చెప్పేదాన్ని. ఊఁ ఆగితే నిద్రపోయావని లేచి గిన్నెలు తోముకునేదాన్ని. మర్నాడు, 'ఊఁ ఆగిన చోటునుంచి చెప్పు' అని నా ప్రాణం తీసేవాడివి. నువ్వెక్కడ ఆపావో నేనే గుర్తుపెట్టుకోవాలి! నీ అయిదేళ్ళప్పటి ఊఁ అది, గొంతు మారింది గానీ ఊఁ మారలేదు. ఆస్పత్రిలో నేను నా గొంతు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, నిన్ను విననేలేదు.

చివరి వీడియో నువ్వు ఆపడం మర్చిపోయావు. తెలుసా నీకు? నేను 'మిగతాది చెప్తా' అని ఆపేశాక ఇంకా దాదాపు అరగంట ఉంది. తెర మీద చిలక కదలకుండా కూర్చుంది. కాసేపు మోటారు. తర్వాత నువ్వు, 'తర్వాత?' అన్నావు. కుర్చీ జరిగింది. 'టీ చల్లారిపోయిందక్కా' అన్నావు. పైపు కింద పిచ్చుకలు గూడు పెట్టాయని, సూపర్‌వైజరు తీసెయ్యమన్నా తియ్యలేదని చెప్పావు. కాలు మడమ దగ్గర వాచిందని చెప్పావు, ఆ సంగతి నాకెప్పుడూ రాయలేదు. 'ఆ మూడు రోజులకే వచ్చెయ్యకుండా ఉండాల్సిందక్కా' అన్నావు. అలా మాట్లాడుతూనే ఉన్నావు, తెర ఆరిపోయి నీ మాట సగంలో తెగిపోయేదాకా. నువ్వు చెప్తున్న ప్రతిదానికీ నేనిక్కడ నోరు తెరుస్తున్నాను. ఊఁ అందామని. ఊఁకి నాలుకా పెదాలూ అక్కర్లేదు గానీ గొంతు కావాలిరా. నాకు అది కూడా లేదు.

ఇంకొక సంగతి. నిన్న నా ఫోన్లో నేనే తెర పైనుంచి లాగి చూశాను. మూడు వరసలూ ఉన్నాయి. మొదటిదాని దగ్గర 'శబ్దం లేకుండా' అని నా చేతిరాతలాగే నన్ను చూస్తోంది. నీ తప్పు ఎంతో నా తప్పూ అంతే. ఇక ఆ మాట మన మధ్య ఎత్తకు.

టీచరమ్మ నా ఫోన్లో వేరే గొంతు పెట్టింది. చాలా మర్యాదగల గొంతు. దానితో పాలవాడికి చెప్తే వాడు వెనక్కి తిరిగి ఎవరా అని చూశాడు. ఇంటావిడ మాత్రం దాని మీద కూడా అరుస్తోంది. పనులకి అది చాలు. నీతో మాత్రం ఆ ఫోనులో ఆవిడని మాట్లాడనివ్వను.

ఇక ఆ పెద్దాయన. ఎవరు వెతుకుతున్నారండీ మిమ్మల్ని అని అడిగాను. 'ముందు పిలవండి' అన్నాడు. సరేనని ఆయన పేరు మైకులో మూడుసార్లు పిలిచాను, ఎక్కడున్నా విచారణ గది దగ్గరికి రావలసిందని. ఆయన స్పీకరు కిందికి వెళ్ళి నిలబడి తలెత్తి విన్నాడు. మూడోసారి అయ్యాక తిన్నగా నా దగ్గరికి నడిచొచ్చి, 'వచ్చానమ్మా' అన్నాడు. అంతే, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఎవరైనా పిలిస్తే ఎలా ఉంటుందో విందామని వచ్చినట్టున్నాడు. అప్పుడు నవ్వొచ్చి నీకు చెప్పబోయాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈ కవర్లో కార్డు ఉంది. నీ ముప్ఫై ఒకటీ నా ఫోన్లో దాచుకుని, కార్డు నీకు పంపుతున్నాను, ఆరు గంటలకి కావాలి కదా. అందులో ముప్ఫై రెండోది నేను చేసింది. నీ జూలై అయిదో తారీఖు ఉత్తరం ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి, వరసవరసా వేలితో పైకి జరుపుకుంటూ చదివాను. మూడో వరస నొక్కి, మైకు పెట్టుకునే రికార్డు చేశాను. మాటలుండవు. నీ ఉత్తరం కదులుతుంటుంది, ఒక్కొక్క వాక్యం అయ్యాక టక్ మని వినపడుతుంది. బలపంతో పలక మీద కొట్టాను. 'నాకు ఒంటరిగా ఉందక్కా' దగ్గర రెండుసార్లు కొట్టాను. ఊఁ కొట్టడంలో ఊఁ పోయింది, కొట్టడం మిగిలింది.

ఇక చెప్పడం నీ వంతు. పిచ్చుకల సంగతి, మడమ సంగతి, మోటారు సంగతి, అన్నీ రాయి. నేను కొడతాను. ఎక్కడైనా టక్ వినపడకపోతే కంగారుపడకు, నిద్ర పట్టేసి ఉంటుంది. మర్నాడు ఆగిన చోటునుంచి చెప్పు.

అక్క